ఖాళీగా కనిపించే ట్యూబ్‌లో పది మైక్రోగ్రాములు

“అక్కా, ఇందులో ఏమీ లేదు. ఖాళీ ట్యూబ్ పంపించారు.”

మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొహంలో నిజంగానే టెన్షన్ కనిపించింది. ఇండెంట్ పెట్టి, కొటేషన్లు తెప్పించి, కస్టమ్స్ దాటించుకుని, ఆరు వారాలు ఎదురుచూస్తే వచ్చిన పార్సిల్ అది. పెద్ద థర్మకోల్ పెట్టెలో, ఐస్ ప్యాకుల మధ్య, చిటికెన వేలంత ట్యూబ్. లైటుకు ఎదురుగా పెట్టి ఎటు తిప్పినా అడుగున ఏమీ కనిపించదు. లేబుల్ మీద మాత్రం ‘రీకాంబినెంట్ హ్యూమన్ ఐఎల్-2, 10 మైక్రోగ్రాములు’ అని ఉంది. కణాలకు కబురు చెప్పే సైటోకైన్ అనే రకం ప్రోటీన్ అది, వేరే జీవి చేత తయారుచేయించింది. కంపెనీకి మెయిల్ పెట్టేయనా అని అడుగుతోంది.

వద్దన్నాను. పది మైక్రోగ్రాములంటే గ్రాములో లక్షో వంతు. సన్న ఉప్పు పలుకు ఒక్కటి కూడా అంతకన్నా బరువుంటుంది. ద్రావణాన్ని గడ్డకట్టించి, తడి లాగేసి ఎండబెట్టినప్పుడు అంత కొంచెం ప్రోటీన్ ట్యూబ్ గోడకు పొరలా అంటుకుపోతుంది, కంటికి ఆనదు. కానీ లెక్కవేస్తే అందులో దాదాపు నాలుగు కోట్ల కోట్ల అణువులుంటాయి. మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల చొప్పున వాడితే ఆ ‘ఖాళీ’ ట్యూబ్ లీటరు మీడియాకు, అంటే కణాలను పెంచే పోషక ద్రవానికి, సరిపోతుంది.

ధర సంగతి ఎత్తితే కళ్లు తిరుగుతాయి. ఇలాంటి ట్యూబ్ పది వేల రూపాయలు అనుకుందాం. ఆ లెక్కన గ్రాము వంద కోట్లు. బంగారం రేటు చూసి నిట్టూర్చేవాళ్లు ఈ లెక్క వినకపోవడమే మంచిది. మిల్లీగ్రాముల్లో కొంటే బాగా చవకవుతుంది నిజమే, కానీ చిన్న ల్యాబుకు అంత కొనే స్తోమత ఉండదు, కొన్నా పాడయ్యేలోపు వాడుకోలేదు.

ఇంత పోసి కొన్న వస్తువు గురించి మాలో చాలామంది చూసేది లేబుల్ మీద రెండే: పేరు, బరువు. కాస్త జాగ్రత్తపరులైతే ‘ప్యూరిటీ 95 శాతం పైన’ అన్న ముక్క కూడా చదువుతారు. నన్నడిగితే ఈ మూడూ కలిపి చెప్పేది తక్కువే. అసలు విషయం ట్యూబ్‌తోపాటు వచ్చే సర్టిఫికెట్‌లో, ఎవరూ చదవని రెండు మూడు లైన్లలో ఉంటుంది. అవి ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఈ ప్రోటీన్ ఏమిటి, దీన్ని ఎలా తయారు చేస్తారు అన్న దగ్గర మొదలుపెట్టాలి.

కణాల టముకు

సైటోకైన్ అన్న మాట మన ఇళ్లలోకి కరోనా రెండో వేవ్‌తో వచ్చింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ కోసం జనం కాళ్లరిగేలా తిరిగారు. ‘సైటోకైన్ స్టార్మ్’ అని టీవీల్లో రోజూ మోగేది. ఐఎల్-6 అనే సైటోకైన్ కణానికి అతుక్కునే చోటును ముందే ఆక్రమించి కూర్చోవడమే ఆ మందు పని. అప్పట్లో ఆస్పత్రిలో చేయించిన ఐఎల్-6 రిపోర్టు ఇంకా మీ ఫైల్లో ఉంటే, ఆ అంకె వెనక కూడా ఇలాంటి ట్యూబే ఉంది. తెలిసిన పరిమాణంలో రీకాంబినెంట్ ఐఎల్-6ను కొలబద్దగా పెట్టుకుని, దానితో పోల్చి చెప్పిందే ఆ అంకె.

సైటోకైన్ అంటే ఒక కణం బయటికి వదిలితే ఇంకో కణం అందుకునే చిన్న ప్రోటీన్. వెనకటికి ఊళ్లో టముకు వేసినట్టు అనుకోండి. వైరస్ వచ్చింది, తలుపులు బిగించుకోండి అని పక్క కణాలకు చెప్పేవి ఇంటర్‌ఫెరాన్లు. మీ సంఖ్య పెంచండి అని టీ కణాలకు (జబ్బులతో పోరాడే ఒక రకం తెల్లకణాలకు) చెప్పేది ఐఎల్-2. వాపు, జ్వరం తెప్పించే ముఠాలో టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 ఉంటాయి. తెల్లకణాలు తగ్గాయి, త్వరగా తయారుచేయండి అని ఎముక మజ్జకు చెప్పేది జీ-సీఎస్‌ఎఫ్. ఇంట్లో ఎవరికైనా కీమోథెరపీ జరిగి ఉంటే, ‘కౌంట్ పడిపోయింది’ అని పొట్ట మీద వేసే ఇంజెక్షన్ గుర్తుండే ఉంటుంది. సాధారణంగా అది ఇదే ప్రోటీన్.

టముకు అందరికీ వినిపించదు. ఆ సైటోకైన్‌కు సరిపోయే రిసెప్టర్, అంటే దాన్ని అందుకునే చోటు, ఉన్న కణానికే వినిపిస్తుంది. విన్న కణాలు కూడా ఒకే పని చేయవు. అదే ఐఎల్-6 లివర్ కణానికి ఒక మాట, యాంటీబాడీలు తయారుచేసే బీ కణానికి ఇంకో మాట. పైగా గొంతు చాలా చిన్నది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఐఎల్-6 మిల్లీలీటరుకు కొద్ది పికోగ్రాములే ఉంటుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు. ప్రయోగాలకు కావాలని దాన్ని రక్తం నుంచి తీయబోతే, గోదావరిలో కలిసిన చిటికెడు పసుపును తిరిగి తీయబోయినట్టే.

చారు రోజులు

అయినా ఒకప్పుడు అలాగే తీశారు. 1957లో లండన్ మిల్ హిల్ పరిశోధన సంస్థలో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ కోడిగుడ్డులోని పిండం పొరల మీద వేడితో చంపిన ఫ్లూ వైరస్ వేశారు. ఆ పొరలున్న ద్రవాన్ని తీసి కొత్త పొరల మీద పోస్తే వాటికి బతికున్న వైరస్ కూడా సోకలేదు. ద్రవంలో ఏదో ఉంది. దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. ఆ ‘ఏదో’ను శుద్ధంగా చేతిలోకి తెచ్చుకోవడానికి ఇరవై ఏళ్లు పైగా పట్టింది. ఫిన్లాండ్‌లో కారీ కాంటెల్ రెడ్‌క్రాస్‌కు జనం ఇచ్చిన రక్తం నుంచి తెల్లకణాలు వేరుచేసి, వాటికి సెండాయ్ వైరస్ సోకించి, అవి వదిలిన ఇంటర్‌ఫెరాన్‌ను పోగుచేసేవాడు. వేల లీటర్ల రక్తం వెచ్చించి తీసిన ఆ సరుకులో ఇంటర్‌ఫెరాన్ నూటికి ఒక వంతు కూడా ఉండేది కాదు. మిగతా తొంభై తొమ్మిది పాళ్లు ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు.

దాదాపు ల్యాబులన్నీ ఆ పద్ధతిలోనే నడిచేవి. కణాలను పెంచుతారు, వాటిని రెచ్చగొడతారు, అవి పెరిగిన ద్రవాన్ని వడకట్టి వేరే కణాల మీద పోస్తారు. నేను దాన్ని చారు అంటాను. చారు రుచిగా ఉందని చెప్పగలం. ఆ రుచి చింతపండుదా, మిరియాలదా, ఇంగువదా అంటే ఎవరి ఊహ వారిది. 1976లో అమెరికాలో రాబర్ట్ గాలో ల్యాబ్ ఇలాంటి చారుతోనే మనిషి టీ కణాలను బయట చాలాకాలం బతికించగలిగింది. అందులోని పదార్థాన్ని టీ కణాల పెరుగుదల కారకం అన్నారు. 1979లో స్విట్జర్లాండ్‌లోని ఎర్మాటింగెన్‌లో శాస్త్రవేత్తలు సమావేశమై, ఈ పేర్ల గోల పడలేక ఇంటర్‌ల్యూకిన్ అని పేరు పెట్టి నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. టీ కణాల కారకం ఐఎల్-2 అయింది.

పేర్ల గోల ఎంత దూరం పోయిందో ఐఎల్-6 కథ చూస్తే తెలుస్తుంది. జపాన్‌లోని ఒసాకాలో ఒక బృందం బీ కణాల చేత యాంటీబాడీలు తయారుచేయించే పదార్థం కోసం వెతుకుతోంది. ఇంకోచోట హైబ్రిడోమా కణాలను (బీ కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి చేసినవి) పెంచే పదార్థం, మరోచోట లివర్ కణాలను రెచ్చగొట్టే పదార్థం. ఇంకొకరికి అది ఇంటర్‌ఫెరాన్ బీటా-2. ఎవరి పేరు వారిది, ఎవరి పేపర్లు వారివి. 1986లో ఒసాకాకు చెందిన తోషియో హిరానో, తదమిత్సు కిషిమొతో బృందం జన్యువును పట్టుకుంది. అమైనో ఆమ్లాల వరుసలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే అందరూ వెతుకుతున్నది ఒక్కదాన్నే. పుట్టింట్లో చిన్నమ్మాయి, అత్తింట్లో పెద్దకోడలు, బడిలో టీచరమ్మ. ముగ్గురూ ఒక్క మనిషే అన్న సంగతి మూడు ఇళ్లకూ తెలియదు, అంతే. టీఎన్‌ఎఫ్ విషయంలోనూ ఇదే జరిగింది. కణితులను చంపేదని ఒకరు పేరు పెట్టుకున్నది, జబ్బుపడ్డ శరీరాన్ని కృశింపజేసే కాకెక్టిన్ అని ఇంకొకరు పేరు పెట్టుకున్నది ఒకటేనని 1985లో తేలింది.

ఈ చిక్కును విప్పింది జన్యువులను వేరుచేసి నకళ్లు తీసే విద్య, అంటే క్లోనింగ్. 1980లో జూరిక్‌లోని చార్లెస్ వైస్‌మన్ బృందం మనిషి ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి ప్రోటీన్ చేయించింది. జపాన్‌లో తదత్సుగు తనిగుచి ఇంటర్‌ఫెరాన్ బీటా జన్యువును, తర్వాత 1983లో ఐఎల్-2 జన్యువును పట్టుకున్నాడు. ఇక చారు అవసరం తీరింది. ఒకే ఒక్క పదార్థాన్ని, తెలిసిన మోతాదులో, కణం మీద వేసి ఏం జరుగుతుందో చూడొచ్చు. ఇవాళ ‘మోనోసైట్ అనే తెల్లకణానికి జీఎం-సీఎస్‌ఎఫ్, ఐఎల్-4 అనే సైటోకైన్లు ఇస్తే డెండ్రిటిక్ కణం అనే ఇంకో రక్షణ కణం అవుతుంది’ అని పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంలో రాస్తున్నామంటే, ఆ రెండూ విడివిడి ట్యూబుల్లో దొరకడం వల్లే.

ఉండకట్టిన ప్రోటీన్

రీకాంబినెంట్ అంటే భయపడాల్సిందేమీ లేదు. మనిషి జన్యువును వేరే జీవిలో అతికించి, దాని చేత మన ప్రోటీన్ చేయించుకోవడం. చవకైన కూలీ ఈ.కోలై బ్యాక్టీరియా. అనువుగా పెంచితే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది, తిండి ఖర్చు తక్కువ.

ఇబ్బందల్లా ఆ కూలీ తొందరపాటు. రవ్వ ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉప్మా ఉండకట్టినట్టు, మనిషి ప్రోటీన్ బ్యాక్టీరియా లోపల ముడుచుకునే తీరిక లేక ఉండలు కడుతుంది. వాటిని ఇన్‌క్లూజన్ బాడీలు అంటారు. సైటోకైన్లలో చాలావాటికి లోపల గంధకపు బంధాలుంటాయి. ఆకారాన్ని పట్టి ఉంచే గుండీలు అవే. బ్యాక్టీరియా లోపలి రసాయన వాతావరణంలో ఆ గుండీలు పడవు. అందుకని ఉండలను బయటికి తీసి, గాఢమైన గ్వానిడిన్‌లోనో యూరియాలోనో పూర్తిగా కరిగించి, ప్రోటీన్‌ను చిక్కుతీసిన దారంలా చేస్తారు. తర్వాత ఆ రసాయనాన్ని మెల్లమెల్లగా పలచన చేస్తూ పోతే దారం మళ్లీ తనంతట తాను ముడుచుకుంటుంది. అన్నీ సరిగ్గా ముడుచుకోవు.

ఐఎల్-2నే తీసుకోండి. 133 అమైనో ఆమ్లాల దండ. అందులో గంధకం ఉండి గుండీలు కాగల అమైనో ఆమ్లాలు, అంటే సిస్టీన్లు, మూడు: 58వ స్థానంలో, 105లో, 125లో. 58కీ 105కీ మధ్య గుండీ పడాలి. 125 ఒంటరిగా ఉండాలి. కానీ మళ్లీ ముడుచుకునే గందరగోళంలో ఆ ఒంటరిది ఎవరికో ఒకరికి తగులుకుంటుంది. అలా తప్పు గుండీ పడ్డ అణువు పనికిరాదు, పైగా పక్క అణువులతో అతుక్కుని గుంపు కడుతుంది. క్యాన్సర్ మందుగా 1992లో అమెరికాలో అనుమతి పొందిన ఐఎల్-2 రూపం ఆల్డెస్‌ల్యూకిన్‌లో దీనికి ఉపాయం కనిపెట్టారు. 125లో సిస్టీన్ తీసేసి గంధకం లేని సెరీన్ పెట్టారు. గుండీయే లేకపోతే తప్పు కాజాలోకి పోయేది ఏముంది! ల్యాబులకు అమ్మే ఐఎల్-2లు కొన్ని ఈ మార్పుతో, కొన్ని లేకుండా వస్తాయి. లేబుల్ మీద రెండింటి పేరూ ఒకటే.

ప్యూరిటీ అంకె మీద నా గుర్రు ఇక్కడిదే. ఆ 95 శాతాన్ని చాలాసార్లు జెల్ మీద, అంటే ప్రోటీన్లను సైజు వారీగా గీతలుగా విడదీసే పరీక్షలో, చూసి చెబుతారు. జెల్‌లో వేసేముందు శాంపిల్‌ను డిటర్జెంట్‌తో కలిపి మరిగిస్తాం. గుండీలు కూడా ఊడదీస్తాం. అంటే సరిగ్గా ముడుచుకున్నదాన్నీ, తప్పుగా ముడుచుకున్నదాన్నీ ఒకేలా సాగదీసి, ఒకే గీతలో నిలబెట్టి, ‘అబ్బ, ఎంత శుద్ధంగా ఉందో’ అనుకుంటున్నాం. పనిచేయని ఐఎల్-2 కూడా ఆ పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది.

అన్నింటికీ బ్యాక్టీరియా సరిపోదు. మన కణాలు చాలా ప్రోటీన్లకు చక్కెర గొలుసులు తగిలిస్తాయి, ఈ.కోలైకి ఆ విద్య రాదు. ఐఎల్-2కీ జీ-సీఎస్‌ఎఫ్‌కీ ఆ గొలుసులు లేకున్నా పని ఆగదు. డయాలసిస్ పేషెంట్లకు రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ వేరు. దాని బరువులో దాదాపు నలభై శాతం చక్కెరలే. అవి లేకపోతే లోపలికి వెళ్లిన మందును శరీరం చకచకా ఊడ్చేస్తుంది. అందుకే దాన్ని చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల్లో పెంచుతారు. ఐఎల్-12 లాంటివి రెండు గొలుసులు జతపడితేగానీ పనిచేయవు. వాటికీ క్షీరద కణాలో, పురుగు కణాలో కావాలి. ఖర్చు అక్కడ పెరుగుతుంది.

కణమే చెప్పాలి

మరి ట్యూబ్‌లో ఉన్నది పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది? దాని మాట వినే కణాన్నే అడగాలి.

ఐఎల్-2కి ఆ సాక్షి సీటీఎల్‌ఎల్-2 అనే ఎలుక టీ కణం. ఐఎల్-2 అందకపోతే ఇది బతకదు. దాన్ని బతికించుకోవడానికి ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఐఎల్-2 సిద్ధంగా ఉంచుకోవాలి, వారాంతాల్లో కూడా వచ్చి చూసుకోవాలి. చంటిపిల్ల నయం. పరీక్ష రోజున ఈ కణాలను బాగా కడిగి, పాత ఐఎల్-2 అంతా పోగొట్టి, 96 గుంటల ప్లేట్‌లో సమానంగా పంచుతాం. మొదటి గుంటలో మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల ఐఎల్-2, రెండోదాంట్లో 5, మూడోదాంట్లో రెండున్నర, అలా సగం సగం చేసుకుంటూ పోతాం. రెండు రోజులయ్యాక రెసాజురిన్ అనే నీలం రంగు కలుపుతాం. బతికున్న కణాలు దాన్ని గులాబీ రంగుకు మారుస్తాయి. కొన్ని గంటలకు ప్లేట్ తీసి చూస్తే ఎడమవైపు గులాబీ, కుడివైపు నీలం, మధ్యలో ఎటూ తేలని ఊదా. గులాబీ సగానికి పడిపోయే గాఢత ఎంతో అదే ఈడీ50.

ఈ అంకె ఎంత చిన్నదైతే సరుకు అంత గట్టిది. దీన్నుంచే స్పెసిఫిక్ యాక్టివిటీ లెక్కేస్తారు: పది లక్షలను ఈడీ50 నానోగ్రాములతో భాగిస్తే మిల్లీగ్రాముకు ఎన్ని యూనిట్లో వస్తుంది. ఈడీ50 0.1 అయితే మిల్లీగ్రాముకు కోటి యూనిట్లు. 0.5 అయితే ఇరవై లక్షలు. రెండు ట్యూబుల మీదా 10 మైక్రోగ్రాములే, ప్యూరిటీ 95 శాతమే. పనిలో మాత్రం అయిదు రెట్ల తేడా. బరువు చూసి ప్రయోగం చేసేవాడు లాట్ (ఒకసారి తయారైన బ్యాచ్) మారగానే ఫలితం ఎందుకు మారిందని తల పట్టుకునేది ఇందుకే.

యూనిట్లలో ఇంకో తిరకాసు ఉంది. పాత పేపర్లలో ‘మిల్లీలీటరుకు 100 యూనిట్లు వాడాం’ అని రాస్తారు. ఎవరి యూనిట్లు? పైన చెప్పిన లెక్క ఆ కంపెనీ దగ్గరున్న కణాలు, ఆ రోజు పరీక్ష మీద ఆధారపడింది. పూర్వం ఊరికో మానిక ఉన్నట్టే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక నమూనాలు పెట్టింది. బ్రిటన్‌లోని ఎన్‌ఐబీఎస్‌సీ అనే సంస్థ వాటిని భద్రపరిచి అందరికీ పంపుతుంది. ఆ నమూనాను పక్కన పెట్టి, అదే ప్లేట్‌లో కొలిస్తే వచ్చేది అంతర్జాతీయ యూనిట్. ఆల్డెస్‌ల్యూకిన్‌లో 1.1 మిల్లీగ్రాములు అంటే కోటీ ఎనభై లక్షల అంతర్జాతీయ యూనిట్లు. పేపర్ రాసేవాళ్లు ‘అంతర్జాతీయ’ అన్న ముక్క మింగేస్తే, చదివి అదే ప్రయోగం మళ్లీ చేద్దామనుకున్నవాడి గతి దేవుడికెరుక.

నీలి రక్తం సాక్ష్యం

ఇప్పుడు నా సొంత గోడు. పీహెచ్‌డీ రెండో ఏడు. ఈ.కోలైలో నా చేత్తో నేనే ఒక ప్రోటీన్ తయారుచేసుకున్నాను. మాక్రోఫేజ్‌ల (సూక్ష్మజీవులను మింగే రక్షణ కణాల) మీద వేస్తే అవి టీఎన్‌ఎఫ్‌ను ధారగా వదిలాయి. మోతాదు పెంచితే ఇంకా వదిలాయి. గ్రాఫ్ ఎంత అందంగా వచ్చిందంటే, నిద్రలో కూడా అదే కనిపించేది. రెండు నెలల తర్వాత చూపిస్తే మా సార్ ఒకే ప్రశ్న అడిగారు: “మరిగించి వేసి చూశావా అమ్మా?”

మరిగించాను. ప్రోటీన్ చచ్చింది. టీఎన్‌ఎఫ్ మాత్రం అంతే వచ్చింది.

అంటే కణాలను రెచ్చగొట్టింది నా ప్రోటీన్ కానే కాదు, దానితో అంటుకొచ్చిన ఎండోటాక్సిన్. ఈ.కోలై బయటి గోడలో ఉండే కొవ్వు-చక్కెర పదార్థం ఇది. మన మాక్రోఫేజ్‌లకు దీని పొడ గిట్టదు. టీఎల్‌ఆర్4 అనే రిసెప్టర్‌తో పసిగట్టి, బ్యాక్టీరియా వచ్చిందని గగ్గోలు పెడతాయి. మనిషి మోనోసైట్లకు మిల్లీలీటరుకు పదుల పికోగ్రాములు చాలు. మరిగిస్తే పోదు, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌కు లొంగదు. గాజుసామాను మీదిది పోవాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాలి. నా రెండు నెలలు బూడిదలో పోసిన పన్నీరు.

ఇలా బోల్తాపడ్డది నేనొక్కదాన్నే అయితే సిగ్గుపడేదాన్ని. హెచ్‌ఎస్‌పీ70 అనే ప్రోటీన్ మాక్రోఫేజ్‌ల చేత సైటోకైన్లు వదిలిస్తుందని 1990ల చివర నుంచి పేరున్న పత్రికల్లోనే పేపర్లు వచ్చాయి. 2003లో వచ్చిన ఒక పరిశోధన ఎండోటాక్సిన్ బాగా తీసేసిన హెచ్‌ఎస్‌పీ70తో అదే ప్రయోగం చేస్తే టీఎన్‌ఎఫ్ రాలేదని చూపించింది.

సర్టిఫికెట్‌లో ‘మైక్రోగ్రాముకు 0.1 ఈయూ లోపు’ లేదా ‘1 ఈయూ లోపు’ అనే లైను ఇందుకు. ఈయూ అంటే ఎండోటాక్సిన్ యూనిట్, ఒకటి సుమారు వంద పికోగ్రాముల ఎండోటాక్సిన్. టీ కణాల లైన్‌ను పెంచుకోవడానికైతే 1 ఉన్నా పెద్దగా పట్టించుకోను. మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాలు పెట్టుకున్నప్పుడు 0.1 లోపు లేనిది కొనను.

ఈ లైను వెనక ఒక సముద్రజీవి ఉంది. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది కాబట్టి హార్స్‌షూ క్రాబ్ అంటారు గానీ, అది పీత కాదు, సాలీళ్లకూ తేళ్లకూ దగ్గరి చుట్టం. మన పొరుగున ఒడిశాలోని బాలాసోర్ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తుంటుంది. దాని నీలి రక్తంలోని కణాలకు ఎండోటాక్సిన్ తగిలితే గడ్డకడుతుంది. అమెరికా తీరంలోని జాతి మీద ఫ్రెడరిక్ బ్యాంగ్, జాక్ లెవిన్ చేసిన పని నుంచి వచ్చిందే ఎండోటాక్సిన్‌ను పట్టే ఎల్‌ఏఎల్ పరీక్ష. దశాబ్దాలుగా ఇంజెక్షన్లు, సెలైన్లు ఈ పరీక్ష దాటాకే మన దాకా వస్తున్నాయి. తర్వాత సింగపూర్ శాస్త్రవేత్తలు ఆ గడ్డకట్టే ప్రక్రియలో మొదటి మెట్టైన ఫ్యాక్టర్ సీ జన్యువును పట్టుకుని, జంతువు రక్తం అక్కర్లేకుండా ఆ ప్రోటీన్‌ను కణాల్లో తయారుచేశారు. రీకాంబినెంట్ ప్రోటీన్ శుద్ధతను ఇంకో రీకాంబినెంట్ ప్రోటీన్ తేలుస్తోంది.

ఎలుకా మనిషీ, ప్లాస్టిక్కూ

హ్యూమన్ అని రాసినంత మాత్రాన మనిషి కణాలకే పనికొస్తుందని లేదు. మనిషి ఐఎల్-2 ఎలుక కణానికి వినిపిస్తుంది, కాబట్టే సీటీఎల్‌ఎల్-2 పరీక్ష నడుస్తోంది. మనిషి ఐఎల్-6 కూడా ఎలుకకు పనిచేస్తుంది, కానీ ఎలుక ఐఎల్-6 మనిషి కణానికి పనిచేయదు. ఇంటర్‌ఫెరాన్ గామా, ఐఎల్-4, జీఎం-సీఎస్‌ఎఫ్ అయితే ఎవరిది వారికే. దీనికి సూత్రమంటూ లేదు, ఒక్కోదానికి చూసుకోవాల్సిందే. ఎలుక ఎముక మజ్జ మీద మనిషి జీఎం-సీఎస్‌ఎఫ్ పోసి వారం రోజులు ఎదురుచూసినవాళ్లను చూశాను.

ట్యూబ్ తెరిచే పద్ధతి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే సగం నష్టం అక్కడే జరుగుతుంది. మా ల్యాబ్ అమ్మాయి చేత మొదట ట్యూబ్‌ను సెంట్రిఫ్యూజ్‌లో కొద్ది సెకన్లు తిప్పించాను. మూతకు అంటుకున్నది అడుగుకు చేరాలి. తర్వాత 100 మైక్రోలీటర్ల స్టెరైల్ నీళ్లు గోడల వెంబడి జారేలా వేసి, పది నిమిషాలు కదపకుండా ఉంచమన్నాను. ట్యూబ్‌ను గిరగిరా కుదిపే వోర్టెక్స్ మీద పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాను. నురగ వస్తే ప్రోటీన్ ఆకారం చెడుతుంది.

ఇక్కడ కనిపించని దొంగ ప్లాస్టిక్. ప్రోటీన్ కొంచెమే ఉన్నప్పుడు ట్యూబ్ గోడ చెప్పుకోదగ్గ భాగాన్ని మింగేస్తుంది. అందుకే పలచన చేసే బఫర్‌లో 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తం నుంచి తీసిన అల్బుమిన్ ప్రోటీన్) కలుపుతాం. గోడకు కావాల్సింది అది తీసుకుంటుంది, మన సైటోకైన్ మిగులుతుంది. కొన్ని కంపెనీలు ముందే మైక్రోగ్రాము సైటోకైన్‌కు 50 మైక్రోగ్రాముల బీఎస్‌ఏ కలిపి పంపుతాయి. ఇలా తోడు కలిపేదాన్ని క్యారియర్ అంటారు. మాది క్యారియర్ కలపనిది, ట్యూబ్ అంత బోసిగా కనిపించడానికి అదీ ఒక కారణమే. సైటోకైన్‌కు గుర్తుగా రంగో, బయోటినో అతికించుకోవాలంటే క్యారియర్ లేనిదే కావాలి, లేకపోతే అతికింది బీఎస్‌ఏకే. టీజీఎఫ్-బీటా అనే సైటోకైన్‌కు మామూలు బఫర్ నచ్చదు, పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించాలి. అందుకే కంపెనీ ఇచ్చిన కాగితం చదవకుండా మూత తీయొద్దంటాను.

కరిగించాక పది చిన్న ట్యూబుల్లో పది మైక్రోలీటర్ల చొప్పున పంచి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాం. ఒక్కోదాంట్లో మైక్రోగ్రాము. కరిగించడం, మళ్లీ గడ్డకట్టించడం అన్న ఆట ఆడితే పదోసారికి పనిచేసేది పెద్దగా మిగలదు.

‘పరిశోధనకు మాత్రమే’

కొందరు అడుగుతారు, ఇదే ప్రోటీన్ మందుగా కూడా ఉంది కదా, ల్యాబ్ ట్యూబ్‌కూ ఇంజెక్షన్‌కూ తేడా ఏమిటని. అణువు ఒకటే కావచ్చు, దాని వెనకున్న పూచీ వేరు. మందుగా వెళ్లాల్సిన బ్యాచ్‌లో కణాల బ్యాంకు నుంచి సీసా మూత దాకా ప్రతిదానికీ రికార్డు ఉండాలి, వైరస్‌లు, స్టెరిలిటీ, నిల్వకాలం అన్నీ పరీక్షించాలి. ల్యాబ్ ట్యూబ్‌కు ఆ పూచీ ఎవరూ ఇవ్వరు. దాన్ని మనిషికి ఎక్కించే ఆలోచనే తప్పు. ఈ రెండింటి మధ్య, మందుల తయారీ నియమాల ప్రకారం చేసే జీఎంపీ గ్రేడ్ అని ఇంకో మెట్టుంది. పేషెంట్ టీ కణాలను బయటికి తీసి, మార్చి, పెంచి తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్సల్లో ఆ కణాలకు తిండి ఐఎల్-2 లేదా ఐఎల్-7, ఐఎల్-15. అక్కడ వాడాల్సింది ఆ గ్రేడే. మన దేశపు తొలి కార్-టీ చికిత్సకు 2023లో అనుమతి వచ్చాక ఈ గిరాకీ ఇక్కడా మొదలైంది.

మందుల వైపు చూస్తే హైదరాబాద్‌కు ఈ విద్య కొత్తేమీ కాదు. శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. డాక్టర్ రెడ్డీస్ 2001లో గ్రాఫీల్ పేరుతో ఫిల్‌గ్రాస్టిమ్ అమ్మకాలు మొదలుపెట్టింది. ఫిల్‌గ్రాస్టిమ్ అంటే ఈ.కోలైలో చేసిన జీ-సీఎస్‌ఎఫే. మనిషి మందుగా ఇంత పెద్ద ఎత్తున చేయగలిగిన ఊళ్లో ఉండి, ప్రయోగానికి కావాల్సిన పది మైక్రోగ్రాముల కోసం కస్టమ్స్ వైపు చూస్తూ కూర్చోవడం నాకు మింగుడుపడదు. చిన్న చిన్న పరిమాణాల్లో వందల రకాలు చేసి, ప్రతి లాట్‌నూ కణాల మీద పరీక్షించి అమ్మడం వేరే రకం వ్యాపారం అని తెలిసినవాళ్లు చెబుతారు. కావచ్చు.

మా ల్యాబ్ అమ్మాయి సోమవారం సీటీఎల్‌ఎల్-2 ప్లేట్ పెట్టింది. ఒక వరుసలో కొత్త ట్యూబ్‌ది, ఒక వరుసలో పాత లాట్‌ది, ఇంకో వరుసలో కొత్తదాన్నే మరిగించి. బుధవారం మధ్యాహ్నం రంగు కలిపి, సాయంత్రం కాంతికి పట్టుకుని చూసింది. కొత్తది ఆరో గుంట దాకా గులాబీ, ఏడోది ఊదా, ఆ తర్వాత నీలం. సర్టిఫికెట్‌లో రాసిన పరిధిలోనే ఉంది. పాత లాట్ ఒక గుంట ముందే ఊదా రంగుకు తిరిగింది. మరిగించిన వరుస ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలమే.

ఫోన్‌లో ఫొటో తీసుకుని, చెత్తబుట్ట దాకా తీసుకెళ్లిన అసలు ట్యూబ్‌ను మళ్లీ వెనక్కి తెచ్చి డ్రాయర్లో పెట్టుకుంది. ఈసారి అది నిజంగానే ఖాళీ. కానీ లాట్ నంబర్ దాని మీదే ఉంది మరి.